ఇంటిపట్టున ఉన్నందుకు అయిన ఖర్చు: లెక్క ఎక్కడ తప్పుతుంది

2020 మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు ఒక రైలు బయలుదేరింది. కరోనా లాక్‌డౌన్ మొదలయ్యాక వలస కూలీల కోసం దేశంలో నడిపిన మొదటి రైలు అదే. ఎక్కినవాళ్లు సుమారు 1,200 మంది. వాళ్లలో చాలామంది సంగారెడ్డి జిల్లా కంది దగ్గర ఐఐటీ భవనాల పనిలో ఉన్నవాళ్లు. సరిగ్గా వారం తిరిగేసరికి, మే 8న, అదే లింగంపల్లి స్టేషన్లో బీహార్‌లోని ఖగారియా నుంచి వచ్చిన ఇంకో రైలు ఆగింది. అందులోంచి 222 మంది కూలీలు దిగారు. యాసంగి వడ్లు కల్లాల్లో కుప్పలు పడి ఉన్నాయి, రైస్ మిల్లుల్లో బస్తాలెత్తే హమాలీలు లేరు. అందుకని ప్రభుత్వమే పిలిపించుకుంది.

ఒకే స్టేషన్, ఒకే వారం, రెండు రైళ్లు. మొదటిది ఎవరి ఖర్చు, రెండోది ఎవరి ఖర్చు అని అడిగితే చాలామంది రెండింటినీ కలిపి "లాక్‌డౌన్ వల్ల వచ్చిన నష్టం" అనే ఒకే పద్దులో రాసేస్తారు. లెక్క మొదటిసారి తప్పేది అక్కడే.

సామాజిక ఖర్చు అంటే ప్రభుత్వ ఖజానా నుంచి పోయిన డబ్బు కాదు. ఒక నిర్ణయం వల్ల సమాజంలో ఎవరో ఒకరు నిజంగా కోల్పోయినది: చేయని పని, నేర్వని చదువు, అందని మందు, పోయిన ప్రాణం. ఒకరి జేబులోంచి తీసి ఇంకొకరి జేబులో వేసింది ఖర్చు కాదు, బదిలీ. 2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డున్న కుటుంబానికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కుటుంబానికి 1,000 రూపాయలు ఇచ్చారు. ఇవి బదిలీలు. కిరాయిదారు కట్టని అద్దె ఇంటి యజమానికి నష్టం, కిరాయిదారుకి అంతే మిగులు. అదీ బదిలీయే. కూలీలు పోగొట్టుకున్న కూలి ఒకచోట, జీడీపీలో, అంటే దేశం మొత్తం ఉత్పత్తి విలువలో, తగ్గిన మొత్తం ఇంకోచోట రాసి రెండింటినీ కూడితే ఒకే నష్టాన్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టే. ఎందుకంటే జీడీపీలో ఆ కూలి ఎప్పుడో ఉంది. టీవీ చర్చల్లో వినబడ్డ పెద్ద పెద్ద అంకెల్లో ఈ తప్పు తరచూ దొర్లింది.

"లేకపోతే ఏమయ్యేది?"

2020 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో భారత ఆర్థిక వ్యవస్థ అంతకుముందు ఏడాదితో పోలిస్తే 23.9 శాతం కుంగిందని మొదటి అంచనా. తర్వాత అది 24.4 శాతమైంది. ఈ అంకెను చూపించి "లాక్‌డౌన్ ఖరీదు ఇదీ" అనేవాళ్లు తెలియకుండానే ఒక ఊహ చేస్తున్నారు: లాక్‌డౌన్ లేకపోతే జనం ఫిబ్రవరిలో తిరిగినట్టే తిరిగేవారని. అది నిజం కాదు. మహమ్మారి వీధి చివరికి వచ్చాక ప్రభుత్వం చెప్పినా చెప్పకపోయినా జనం ఇంట్లో కూర్చుంటారు. సినిమాకు పోరు, పెళ్లి వాయిదా వేస్తారు, పక్కింట్లో ఎవరికైనా సోకిందని తెలిస్తే కిరాణా కొట్టుకు కూడా పిల్లాడిని పంపరు.

దీన్ని కొలిచారు కూడా. అమెరికాలో ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సివర్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు మొబైల్ ఫోన్ల కదలికల ఆధారంగా, ఒకే ప్రాంతంలో ఉండి హద్దుకు అటూ ఇటూ వేర్వేరు ఆంక్షలున్న చోట్లను పోల్చారు. దుకాణాలకు వచ్చేవాళ్లు 60 శాతం తగ్గితే, ఆ 60లో ప్రభుత్వ ఆంక్షల వాటా 7 పాయింట్లే అని తేలింది. మిగతాది భయం చేసిన పని. డెన్మార్క్ అన్నీ మూసింది, పొరుగున ఉన్న స్వీడన్ చాలావరకు తెరిచే ఉంచింది. బ్యాంకు కార్డుల లెక్కలు చూస్తే డెన్మార్క్‌లో జనం ఖర్చు 29 శాతం, స్వీడన్‌లో 25 శాతం తగ్గింది. మూసివేత తెచ్చిన అదనపు దెబ్బ 4 పాయింట్లు.

ఈ అంకెలను తెచ్చి మన మీద యథాతథంగా అతికించకూడదు. అక్కడ ఆంక్ష అంటే ఒక సూచన, మహా అయితే దుకాణం మూత. ఇక్కడ రైళ్లు ఆగాయి, బస్సులు ఆగాయి, రాష్ట్రాల సరిహద్దుల్లో బారికేడ్లు పెట్టారు, రోడ్డెక్కితే లాఠీ. వైరస్ అసలు చేరని జిల్లాల్లో కూడా మొదటి రోజునుంచే అన్నీ మూతబడ్డాయి. ఆ జిల్లాల్లో భయం వల్ల ఆగేది చాలా తక్కువ, ఆగిందంతా ఉత్తర్వు వల్లే. కాబట్టి మన 24 శాతంలో ఆంక్షల వాటా అమెరికా వాటాకంటే చాలా ఎక్కువే ఉండాలి. కానీ మొత్తం మాత్రం కాదు.

ఇదే తర్కం రెండోవైపూ నడుస్తుంది. "లాక్‌డౌన్ లేకపోతే ఇన్ని లక్షల మంది పోయేవారు" అని చెప్పే గణిత నమూనాలు చాలావరకు జనం తమంతట తాము జాగ్రత్త పడరని లెక్కేసుకున్నాయి. నష్టం చెప్పేటప్పుడు జనాన్ని ధీరులుగా, లాభం చెప్పేటప్పుడు మొద్దులుగా చూపించడం కుదరదు. ఏ లెక్క చూసినా మొదట అడగాల్సింది ఒకటే: పోల్చింది దేనితో?

వాయిదాకు విలువెంత?

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన రక్తపరీక్షల సర్వేల్లో 2020 మే-జూన్ నాటికి 0.73 శాతం మందిలోనే వైరస్ సోకిన ఆనవాళ్లు కనబడ్డాయి. 2021 జూన్-జులై నాటికి టీకా వేసుకున్నవాళ్లతో కలిపి అది 67.6 శాతం. అంటే ఇంట్లో కూర్చోవడం వల్ల సోకడం ఆగలేదు, ఆలస్యమైంది. లాక్‌డౌన్ కొన్న సరుకు ప్రాణాలు కాదు, సమయం. ఆ సమయంతో ఏం చేశామన్నదాన్ని బట్టే దాని విలువ.

కొన్ని చోట్ల ఆ సమయం బంగారమే. 2020 జనవరిలో ఈ వైరస్‌ను పరీక్షించగలిగింది పుణెలోని వైరాలజీ సంస్థ ఒక్కటే. మే నెలాఖరుకు దేశంలో ల్యాబులు 600 దాటాయి. మార్చిలో వైద్య సిబ్బంది తొడుక్కునే పీపీఈ కిట్ల తయారీ దేశంలో దాదాపు లేదు, మేలో రోజుకు 2 లక్షలు తయారయ్యాయి. జూన్ 16న బ్రిటన్‌లో రోగుల మీద మందులను పోల్చి చూసిన రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది: డెక్సామెథసోన్ అనే, మన మెడికల్ షాపుల్లో అతి చవకగా దొరికే స్టెరాయిడ్ ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఏప్రిల్‌లో జబ్బు పడాల్సిన మనిషి ఆగస్టులో పడితే ఆ ఇంజెక్షన్ అందింది. ఇంటిపట్టున ఉండమనడానికి ఇంతకంటే బలమైన సమర్థన ఇంకొకటి లేదు.

ఇంకొన్ని చోట్ల ఆ సమయం వృథా అయింది. 2021 జనవరి 16న టీకాలు మొదలయ్యాయి, ఏప్రిల్, మే నెలల్లో రెండో కెరటం ఆక్సిజన్ సిలిండర్ల వరుసల మధ్య విరుచుకుపడింది. దేశంలో నమోదైన మరణాలు, ఏ కారణం వల్లనైనా సరే, 2019లో 76.4 లక్షలు, 2020లో 81.2 లక్షలు, 2021లో 1.02 కోట్లు. ఏటా నమోదు మెరుగవుతూ ఉంటుంది కాబట్టి పెరిగినదంతా మహమ్మారి ఖాతాలో వేయలేం. కానీ 2020 నుంచి 2021కి ఒక్క ఏడాదిలో 21 లక్షలు పెరగడం నమోదు మెరుగుదలతో సరిపెట్టే సంగతి కాదు. మొదటి ఏడాది కూలీలు కట్టిన మూల్యంతో కొన్న సమయాన్ని రెండో ఏడాదికి సరిగా దాచుకోలేదని ఆ అంకె చెబుతోంది.

ఒక కూలి ఇంటి పద్దు

సగటులు పక్కనపెట్టి ఒక కుటుంబాన్ని చూద్దాం. హైదరాబాద్ శివారులో అద్దె గది, భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. సొంత జిల్లాలోనే రేషన్ కార్డు ఉంది. లెక్క కోసం అనుకుందాం: ఇంటాయన తాపీ పనికి రోజు కూలి 600, వారానికి ఆరు రోజులు అడ్డా మీద పని దొరుకుతుంది. 21 రోజుల మొదటి విడతలో పోయిన పనిదినాలు 18. పోయిన కూలి 10,800 రూపాయలు. వచ్చిన సాయం: నగదు 1,500, నలుగురికి 48 కిలోల బియ్యం. కిలో 35 చొప్పున బియ్యం విలువ 1,680. మొత్తం 3,180. లోటు 7,620.

ఈ 7,620 ఎక్కడినుంచి వస్తుంది? బ్యాంకు ఇవ్వదు. మేస్త్రీ దగ్గరో, వీధి చివర ఫైనాన్స్ అతని దగ్గరో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. నెలకు 228 రూపాయలకు పైగా వడ్డీ. అసలు తీర్చలేక ఏడాది నడిపితే వడ్డీయే 2,700 దాటుతుంది. లాక్‌డౌన్ ఏప్రిల్ 14తో అయిపోలేదు, మే 3కి, 17కి, 31కి పొడిగించారు. ప్రతి పొడిగింపుకీ అప్పు మీద అప్పు. ఉత్తర్వు ఎత్తేసిన రోజున దేశం లెక్కలో ఖర్చు ఆగిపోతుంది, ఆ ఇంటి లెక్కలో అప్పుడు మొదలవుతుంది. అదే సమయంలో జీతగాడికి రిజర్వ్ బ్యాంకు ఆగస్టు 31 వరకు కంతులు వాయిదా వేసుకునే వెసులుబాటు ఇచ్చింది. దాని మీదా వడ్డీ పడిందనుకోండి, కానీ అది నెలకు మూడు రూపాయలు కాదు.

కార్డు లేని వలస కూలీకి తెలంగాణలో 12 కిలోల బియ్యం లేదా గోధుమ పిండి, 500 రూపాయలు ప్రకటించారు. పైన లెక్కలో ఆ అంకెలు పెట్టి చూస్తే మొదటి రైలు ఎందుకు నిండిందో వేరే చెప్పనక్కర్లేదు. రైలు కోసం ఆగలేనివాళ్లు నడిచారు. ములుగు జిల్లా మిరప తోటల్లో పని చేసి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌కు కాలినడకన బయలుదేరిన బృందంలో 12 ఏళ్ల అమ్మాయి ఏప్రిల్ 18న ఇల్లు ఇంకా కొద్ది దూరం ఉందనగా చనిపోయింది. పరీక్షిస్తే వైరస్ లేదు. ఆ మరణం కరోనా లెక్కలో ఎక్కడా రాదు.

ఇక్కడ మా అభిప్రాయం స్పష్టంగా చెప్పాలి. మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటించి అర్ధరాత్రి నుంచి మూసేయడం, రెండు రోజుల ముందే రైళ్లు ఆపేయడం ఖర్చును పెంచాయే తప్ప లాభాన్ని పెంచలేదు. గడువిస్తే స్టేషన్లలో తొక్కిసలాట జరిగి వైరస్ పల్లెలకు పాకేదన్న వాదనకు కొంత బలం ఉంది. కానీ మార్చిలో నగరాల్లోని కూలీల్లో సోకినవాళ్లు బహు తక్కువ. ఒక్కో గదిలో ఆరేడుగురు చొప్పున ఐదు వారాలు ఉంచి, నగరాల్లో కేసులు పెరిగాక మే నెలలో రైళ్లెక్కించారు. ఆ ఏడాది వలస కూలీల కోసం నడిపిన ఈ శ్రామిక్ రైళ్లలో 63 లక్షల మంది ప్రయాణించారు. పల్లెలకు వైరస్ చేరకుండా ఆపాలన్నదే ఉద్దేశమైతే, పంపడానికి ఎంచుకున్న సమయం తలకిందులైంది.

ఆ తర్వాత ఏమైందంటే, ఉపాధి హామీ పనిదినాలు 2019-20లో 265 కోట్లు ఉన్నవి 2020-21లో 389 కోట్లయ్యాయి. వ్యవసాయం మీద ఆధారపడ్డ పనివాళ్ల వాటా 2018-19లో 42.5 శాతం, రెండేళ్లకు 46.5 శాతం. దశాబ్దాలుగా తగ్గుతూ వస్తున్న అంకె వెనక్కి తిరిగింది. తాపీ పని నేర్చినవాడు చెరువు పూడిక తట్టలు మోస్తే నిరుద్యోగి కాడు, పనిలో ఉన్నట్టే లెక్క. పోయిన నైపుణ్యం ఏ పట్టికలోనూ కనబడదు.

వాయిదా పడినవి, పోయినవి

పద్దులో ఇంకో గీత గీయాలి. మేలో కొనని ఫ్రిజ్ అక్టోబర్‌లో కొంటారు, అది వాయిదా. మేలో చేయించుకోని క్షవరం ఎన్నటికీ రెండుసార్లు చేయించుకోరు; మంగలికి అది పోయినట్టే. చెట్టు మీద మామిడి ఆగదు, కోతకొచ్చిన వరి ఆగదు. వ్యవసాయ పనులకు మార్చి నెలాఖరులోనే సడలింపు ఇవ్వడం, ఊళ్లలోనే కొనుగోలు కేంద్రాలు పెట్టి వడ్లు కొనడం ఈ గీత గుర్తించి చేసిన పనులు. చేలో కోతకు సడలింపు దొరికింది, మిల్లులో బస్తా ఎత్తే మనిషికి బండి దొరకలేదు. గొలుసులో ఒక్క లంకె మూస్తే మిగతావి తెరిచినా నడవవు. రెండో రైలు వచ్చింది ఆ లంకెను అతికించడానికే.

ఆరోగ్య సేవల్లో ఈ గీత ప్రాణాంతకం. కంటి శుక్లం ఆపరేషన్ వాయిదా వేయొచ్చు, డయాలసిస్ వేయలేం. 2019లో దేశంలో 24 లక్షల క్షయ రోగులను గుర్తించి నమోదు చేశారు. 2020లో 18 లక్షలు. జబ్బు తగ్గలేదు, వెతకడం తగ్గింది. కఫం పరీక్ష యంత్రాలు, సిబ్బంది కరోనా పరీక్షలకు మళ్లారు, దగ్గు ఉన్నవాడు ఆసుపత్రికి వెళ్తే క్వారంటైన్‌లో పెడతారని భయపడ్డాడు. గుర్తించని క్షయ రోగి ఒక ఏడాదిలో దగ్గరగా మసిలేవాళ్లలో 5 నుంచి 15 మందికి అంటించగలడు. 2011 జనగణన ప్రకారం దేశంలో 37 శాతం కుటుంబాలది ఒకే గది ఇల్లు. ఆ గదిలో దగ్గే మనిషితో పాటు ఇంటిల్లిపాదినీ నెలల తరబడి "సురక్షితంగా" కూర్చోబెట్టాం. పిల్లల టీకాల్లో మూడో డోసు డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) అందినవాళ్లు 2019లో 91 శాతం, 2020లో 85 శాతం.

జమ వైపు కూడా రాయాలి. రోడ్డు ప్రమాద మరణాలు 2019లో 1,51,113, 2020లో 1,31,714. సుమారు 19,400 ప్రాణాలు మిగిలాయి. ఇది ఎవరూ ఉద్దేశించని లాభం.

ఇల్లు అందరికీ ఒకటి కాదన్నది మరిచిపోతే లెక్క మొత్తం పక్కదారి పడుతుంది. అమెరికాలోనే ఇంటినుంచి చేయగలిగిన ఉద్యోగాలు 37 శాతమని తేల్చారు. మన దగ్గర ఆ వాటా ఇంకా తక్కువ. మాదాపూర్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇంట్లో ఉండటమంటే రోజుకు రెండు గంటల ట్రాఫిక్ తప్పడం. ఆ ఇంటికి పాచిపనికి వచ్చే మనిషికి నెల జీతం పోవడం. అందరూ ఇంట్లో ఉంటే పని కూడా పెరుగుతుంది: మూడు పూటల వంట, గిన్నెలు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు. అది దాదాపుగా ఆడవాళ్ల మీదే పడింది, జీడీపీలో సున్నా. కొట్టే భర్తతో ఒకే కప్పు కింద ఇరుక్కుపోయినవాళ్ల సంగతి వేరే. జాతీయ మహిళా కమిషన్‌కు గృహహింస ఫిర్యాదులు 2019లో 3,000 లోపు ఉంటే 2020లో 5,200 దాటాయి. ఫోన్ కూడా భర్త చేతిలోనే ఉన్న ఇళ్లనుంచి ఫిర్యాదు రాదు కనుక అసలు అంకె ఇంకా పెద్దది.

బడి

అన్ని పద్దుల్లోకి పెద్దది, అందరికంటే ఆలస్యంగా చేతికొచ్చే బిల్లు ఇదే. 2020 మార్చి మధ్యలో బడులు మూశారు. ఆంధ్రప్రదేశ్‌లో నవంబర్ 2న 9, 10 తరగతులు మొదలుపెట్టి, 2021 ఫిబ్రవరి 1 నుంచి ఒకటి నుంచి ఐదు తరగతులను పిలిచారు. ఏప్రిల్‌లో మళ్లీ మూసి ఆగస్టు 16న తెరిచారు. తెలంగాణలో 9, 10 తరగతులు 2021 ఫిబ్రవరి 1న, ఆరు నుంచి ఎనిమిది అదే నెలాఖరున తెరుచుకుని మార్చి 24న మళ్లీ మూతబడ్డాయి. ప్రాథమిక తరగతులు మాత్రం 2021 సెప్టెంబర్ 1 దాకా తెరుచుకోనే లేదు. దాదాపు పదిహేడున్నర నెలలు.

ఈ క్రమాన్ని గమనించండి: పెద్ద పిల్లలు ముందు, చిన్న పిల్లలు చివర. కారణం పదో తరగతి పబ్లిక్ పరీక్ష. 2020లోనూ 2021లోనూ రెండు రాష్ట్రాల్లో ఆ పరీక్షలు రద్దయ్యాయి, అందరినీ పాస్ చేశారు. వైరస్ తీరు, చదువు తీరు రెండూ దీనికి వ్యతిరేక క్రమాన్నే సూచించాయి. సోకినవాళ్లలో మరణ ప్రమాదం వయసుతో ఎలా పెరుగుతుందో 2020లోనే తెలిసింది: పదేళ్ల పిల్లలకు 0.002 శాతం, 25 ఏళ్లవాళ్లకు 0.01, 55కి 0.4, 65కి 1.4, 75కి 4.6. ఇంట్లో తాతా నానమ్మలుంటారు, బడిలో యాభై దాటిన టీచర్లుంటారు కనుక పిల్లల ప్రమాదం ఒక్కటే చూస్తే చాలదు, నిజమే. కానీ పదో తరగతి పిల్లాడు తనంతట చదువుకోగలడు, ఒకటో తరగతి పిల్ల చదువుకోలేదు.

తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. 3 నుంచి 10 తరగతులకు. ఒకటి, రెండు తరగతులు జాబితాలో లేవు. అ, ఆ దిద్దించడం టీవీ చేసే పని కాదు కనుక ఒకరకంగా అది నిజాయితీ గల నిర్ణయమే. కానీ దాని ఫలితం చూడండి. అసర్ సంస్థ ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివిస్తుంది. మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు తెలంగాణలో 2018లో 18.1 శాతం, 2022లో 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కి. దేశం మొత్తం మీద 27.3 నుంచి 20.5కి. 2022లో మూడో తరగతిలో ఉన్న పిల్ల 2020-21లో ఒకటో తరగతి. అంటే సరిగ్గా టీవీ పాఠం కూడా లేని తరగతి.

దీనికి ధర కట్టేటప్పుడు ఆర్థికవేత్తలు వాడే కొలమానం ఒకటుంది: ఒక ఏడాది అదనపు చదువు సంపాదనను సగటున 9 శాతం వరకు పెంచుతుంది. ఏడాదిన్నర పోయిందంటే జీవితాంతం సంపాదనలో అంత కోత అని గుణించి లక్షల కోట్ల అంకెలు తేల్చారు. ఇందులో రెండు మలుపులు ఉన్నాయి. ఒకటి, ఆ నష్టం ఇరవై ఏళ్ల తర్వాత మొదలవుతుంది. రేపటి రూపాయికి ఈనాటి రూపాయికంటే విలువ తక్కువని ఏటా వేసే కోతను తగ్గింపు రేటు అంటారు; ఇరవై ఏళ్ల తర్వాతి లక్ష రూపాయలను ఏటా 3 శాతం తగ్గింపు రేటుతో ఈనాటికి తెస్తే 55 వేలు, 10 శాతంతో తెస్తే 15 వేలు. రేటు ఎంత పెట్టారో చెప్పకుండా అంకె మాత్రమే చెప్పేవాళ్లను నమ్మకండి. రెండోది, పోయిన చదువు శాశ్వతంగా పోయినట్టే అనుకోవడం. 2024లో అసర్ మళ్లీ చూస్తే దేశంలో మూడో తరగతి పఠనం 27.1 శాతానికి తిరిగొచ్చింది. అది కొత్త పిల్లల అంకె అనుకుంటే, 2022లో మూడో తరగతిలో ఉన్నవాళ్లే 2024లో ఐదో తరగతికి వచ్చారు. ఐదో తరగతి అంకె 2018లో 50.5, 2022లో 42.8, 2024లో 48.8. పూర్తిగా కాకపోయినా చాలావరకు పూడింది. బడి మానేస్తారనుకున్న భయమూ చాలావరకు నిజం కాలేదు: 6-14 ఏళ్లవారిలో బడిలో పేరున్నవాళ్లు 2018లో 97.2 శాతం, 2022లో 98.4.

కాబట్టి "ఒక తరం నాశనమైంది" అన్నది అతి. "ఏమీ కాలేదు" అన్నదీ అబద్ధమే. పూడ్చడానికి టీచర్లు అదనంగా పెట్టిన గంటలు, ప్రభుత్వ బడికి మారిన పిల్లలు, మూతబడ్డ చిన్న ప్రైవేటు బడుల్లో జీతం పోయి కూరగాయలు అమ్మిన పంతుళ్లు, ఇవన్నీ ఆ బిల్లులో భాగమే.

ప్రాణానికి వెల

ఇన్ని ఖర్చులను ప్రాణాలతో తూచాలంటే ప్రాణానికి ఒక అంకె కావాలి. వినగానే ఒళ్లు మండుతుంది కానీ ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నాం. రైల్వే గేటు దగ్గర వంతెన కట్టాలా వద్దా అన్నదీ ఆ లెక్కే, ఆరోగ్యశ్రీలో ఏ జబ్బుకు ఎంత అన్నదీ ఆ లెక్కే. పద్ధతి ఇది: పదివేల మందిలో ఒకరు చనిపోయే ప్రమాదం ఉంది. దాన్ని తొలగించడానికి ఒక్కొక్కరు వెయ్యి రూపాయలు ఇవ్వడానికి సిద్ధమైతే మొత్తం కోటి. అంటే వాళ్లే ఒక "గణాంక ప్రాణానికి" కోటి రూపాయల వెల కట్టారు. అమెరికాలో ఈ వెల కోటి డాలర్ల దగ్గర ఉంటుంది. మన దగ్గర ఎంతో తక్కువ వస్తుంది. ప్రాణం మీద తీపి లేక కాదు, ఇవ్వడానికి చేతిలో డబ్బు లేక. కాబట్టి ఈ కొలతతో పేద దేశంలో ఏ రక్షణ చర్యనైనా "దండగ" అని నిరూపించొచ్చు. ఆ పని చేసిన పత్రాలను అనుమానంగా చదవాలి.

"పోయేది ముసలివాళ్లేగా, వాళ్లకు మిగిలింది ఎన్నేళ్లు" అన్న మాట కూడా వినబడింది. సరే, ప్రాణాలను కాక మిగిలిన ఏళ్లనే లెక్కపెడదాం. 75 ఏళ్లాయనకు ఇంకో 10 ఏళ్లు, పాతికేళ్ల కుర్రాడికి ఇంకో 50 అనుకుందాం. ఏళ్ల లెక్కలో కుర్రాడి ప్రాణం ఐదింతలు. కానీ వైరస్ సోకితే పెద్దాయనకు ప్రమాదం 4.6, కుర్రాడికి 0.01. అది 460 రెట్లు. ఐదుతో భాగించినా 92 రెట్లు. ఏళ్లతో తూచినా త్రాసు పెద్దాయన వైపే మొగ్గుతుంది. ఆ వాదన నిజంగా చూపించే దారి ఒకటుంది: అందరినీ ఇంట్లో పెట్టేకంటే పెద్దవాళ్లున్న ఇళ్లకు రేషన్, మందులు, విడి గది సమకూర్చడం. ఒకే గది ఇళ్లలో అది చేయాలంటే ఊరి కల్యాణ మండపమో, హాస్టలో తెరిచి పెట్టాలి. కొంత డబ్బు, బోలెడు మనుషులు కావాలి. "బయటికి రావద్దు" అన్న ఉత్తర్వుకు కాగితం చాలు. ప్రభుత్వాలు రెండోది ఎంచుకోవడం అందుకే.

సడలింపు గంటల తమాషా

చర్య సగం సగం చేస్తే ఖర్చు పూర్తిగా ఉండి లాభం తిరగబడుతుంది. 2021 మే 12 నుంచి తెలంగాణలో పొద్దున 6 నుంచి 10 వరకే బయటికి అనుమతి. రోజుకు 14 గంటలు తెరిచే రైతుబజారుకు వచ్చే జనమే నాలుగు గంటల్లో వస్తే ఏ క్షణంలోనైనా లోపలుండే జనం మూడున్నర రెట్లు. వైరస్‌కు కావలసింది అదే. మే 31 నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, జూన్ 10 నుంచి సాయంత్రం 5 దాకా పెంచినప్పుడు జనం పెరగలేదు, పలచబడ్డారు. గంటలు తగ్గించడం కంటే పెంచి, వచ్చేవాళ్లను పేటల వారీగా విడగొట్టడమే ఉద్దేశానికి దగ్గర. ఇరుకు మార్కెట్‌ను ఊరి బయటి మైదానంలోకి మార్చిన చోట్ల ఇదే చేశారు.

ఇక మళ్లీ ఇలాంటిది వస్తే లెక్క ఎలా వేయాలన్నది. మొత్తం లాక్‌డౌన్‌కు ఒక తీర్పు ఇవ్వాలని చూడటం దండగ. వారానికొకసారి, ఒక్కో తాళానికి విడిగా అడగాలి: ఈ బడిని ఇంకో వారం మూసి ఉంచితే అదనంగా ఆగే సోకుడు ఎంత, అదనంగా పోయేది ఏమిటి? మొదటి వారంలో బడి మూత దాదాపు ఉచితం, ఎండాకాలం సెలవులు ఎలాగూ ఉన్నాయి. ముప్పయ్యో వారంలో అక్షరాలు చెరిగిపోతుంటాయి. లాభం సరిగ్గా దీనికి ఎదురు: ఏమీ తెలియని మొదటి వారాల్లో ఎక్కువ, మందు, మాస్కు, పరీక్ష చేతికొచ్చాక తక్కువ. రెండు గీతలు కలిసే చోట తాళం తీయాలి, ఒక్కో తాళానికి ఆ చోటు వేరు. పైన కూలి ఇంటి లోటు 7,620 రూపాయలను దయగా ఇచ్చే సాయంగా కాక ఆ తాళం ధరలో భాగంగా ముందే రాయాలి. ప్రకటించే రోజునే, కార్డు ఏ జిల్లాదైనా, ఉన్నచోటే చేతికి అందేలా.